చదవనివారి సంఘం

జూన్ 4

బావమరిదికి,

బైండింగు బల్ల దగ్గర వంగి వంగి నీ నడుము ఎలా ఉందో కనుక్కోమని మీ అక్క చెప్పింది. నేనైతే అడగను. నువ్వు ఎలాగూ "పరవాలేదు" అని ఒక్క ముక్క రాస్తావు. దానికోసం ఒక కవరు దండగ.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల పరిశీలన సంఘం అని కొత్తగా వేశారు. మొత్తం అయిదుగురం. బస్సు డిపోలో టైమ్ కీపరుగా ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వని మనిషినని వాళ్లే ఇంటికొచ్చి నన్ను పిలిచారు. అధ్యక్షుడు ఆ గ్రంథాలయానికి ప్రహరీ కట్టించిన కాంట్రాక్టరు. ఊళ్లో అందరూ గోడాయన అంటారు. మిగతావాళ్లు మందుల షాపాయన, పళ్ల డాక్టరు, సంగీతం టీచరు.

సంఘం వేసిన వారానికే ఫిర్యాదు వచ్చింది. ఒక నవల మీద. అందులో తండ్రి పోయిన రోజున కూతురు ఏడవదట. పైగా వంటింట్లో కూర్చుని కంచం నిండా పెట్టుకుని తింటుందట. ఇలాంటివి ఆడపిల్లల చేతుల్లో పడితే రేపు తండ్రుల గతి ఏం కావాలని గోడాయన అడిగాడు. నాకూ సబబే అనిపించింది.

చిక్కల్లా మన అమ్మాయితోనే. ఆ లైబ్రేరియన్ ఉద్యోగంలో ఇంకెవరున్నా ఈపాటికి పని అయిపోయేది. నిర్ణయం అయ్యేదాకా పుస్తకాన్ని అలమరలోంచి తీసి పక్కన పెట్టమని గోడాయన మర్యాదగానే చెప్పాడు. "చదివినవాళ్లెవరైనా వచ్చి చెప్పమనండి, తీస్తాను" అందట. తండ్రి సంఘంలో కూర్చున్నాడన్న ఇంగితమైనా ఉండొద్దా?

ఇందులో నీ చెయ్యి ఉంది. చిన్నప్పుడు సెలవులకి నీ దగ్గరికి పంపితే, బొమ్మలు కొనిపెట్టకుండా ప్రెస్సులో చెడిపోయిన కాగితాలిచ్చి ఓ మూల కూర్చోబెట్టావు. నీ మాటైతే వింటుంది. పుస్తకం తీసేయమని దానికి ఒక ఉత్తరం రాయి.

నువ్వు నమ్మకపోయినా నీ మేలు కోరే
బావ

జూన్ 9

పుస్తకాలకు కొత్తగా దొరికిన న్యాయమూర్తి బావగారికి,

నడుము పరవాలేదు.

మీకు పదవి వచ్చినందుకు సంతోషం. బస్సు ఎక్కకుండానే అది ఎప్పుడు బయల్దేరిందో ఎప్పుడు చేరిందో ఇన్నేళ్లూ రాశారు. ఆ అనుభవం ఈ సంఘంలో పనికొస్తుంది. గోడ కట్టినాయన అధ్యక్షుడు కావడం కూడా బాగానే ఉంది. లోపల ఏముందో తెలియకపోయినా, లోపలికి ఎవరూ దూకకుండా ఎంత ఎత్తు లేపాలో ఆయనకి తెలుసు.

ఒక్క సంగతి అడుగుతాను. మీ అయిదుగురిలో ఆ నవల చదివినవాళ్లెవరు? ఏడవదట, తింటుందట అని రాశారు. డిపోలో ఏ రోజైనా మీరు "బస్సు వచ్చిందట" అని రాశారా?

మేనకోడలికి ఉత్తరం రాయను. ఆ పిల్ల అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

అనుకోకుండా ఆ నవల ఇప్పుడు మా ప్రెస్సులోనే ఉంది. ఇలాంటి ఫిర్యాదులు మరో రెండు ఊళ్లలో కూడా వచ్చాయట. దాంతో నాలుగేళ్లుగా ఎవరూ అడగని పుస్తకాన్ని అందరూ అడుగుతున్నారని ప్రచురణకర్త మళ్లీ అచ్చు వేయిస్తున్నాడు. మొన్న వచ్చినప్పుడు మనిషి చాలా హుషారుగా ఉన్నాడు. ఆయన తరఫున మీ సంఘానికి కృతజ్ఞతలు.

మా బల్ల మీదికి పుస్తకం పుస్తకంలా రాదు. ఒక పెద్ద షీటు మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం అంటాం. అలాంటివి పన్నెండు కలిపి కుడితే ఈ నవల. మసి అంటినవీ వంకరగా పడినవీ తీసి పక్కన పడేస్తాం. మేస్త్రీని అడిగి వాటిలోంచి మొదటి రెండు ఫారాలు తెచ్చి దీంతో పెడుతున్నాను. ముందు చదవండి, తర్వాత నిషేధించండి. ఏది నిషేధించారని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికైనా ఉంటుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. జిగురు ఆరడం లేదు.

మీ
బావమరిది

జూన్ 18

బావమరిదికి,

నీ వెటకారం అందింది. దాంతోపాటు కాగితాలూ అందాయి.

నేను చదవలేదు. ముందే చెబుతున్నాను. ముందు గదిలో బల్ల మీద పడేస్తే మీ అక్క తీసి చదివింది. ఆవిడ చెబుతుంటే విన్నాను. కథలో తండ్రి ఉన్నాడే, తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, ఆయన్ని చూస్తే నాకు తప్పేమీ కనిపించలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, అంతే కదా. ఆ కూతురు మందు ఇచ్చేటప్పుడు గ్లాసు టక్కుమని పెడుతుంది. అది నాకు నచ్చలేదు. నా కాలు విరిగి మంచం మీద ఉన్నన్నాళ్లూ మన అమ్మాయి ఒక్కసారి కూడా అలా పెట్టలేదు. ఆ రచయిత ఎవరో గానీ ఇంట్లో ఆడపిల్లలు లేని మనిషి అయ్యుంటాడు.

మిగతా భాగాలు పంపు. మీ అక్క అడుగుతోంది. ఆ పెద్దల్లుడు ముసలాయన చేత సంతకం పెట్టించుకుని ఇల్లు అమ్మేశాడా లేదా అన్నది తెలియక ఆవిడకి తోచడం లేదు.

నువ్వు చాటుగా మన అమ్మాయికి ఉత్తరాలు రాసి ఎగదోస్తున్నావని గోడాయన అనుమానం. మా బావమరిది అలాంటివాడు కాదని అన్నాను. అన్నానే గానీ, ఇంటికొచ్చాక నాకూ అనుమానం పట్టుకుంది.

బావ

జూన్ 24

బావగారికి,

అక్కకు తోచడం లేదన్నారు కాబట్టి మరో అయిదు ఫారాలు పెడుతున్నాను. అల్లుడి సంగతి నాలుగో దాంట్లో ఉంది. అచ్చు కొంచెం పలచగా పడింది, కళ్లజోడు తుడుచుకుని చదవమని అక్కకు చెప్పండి. అక్కకు కళ్లజోడు లేదన్న సంగతి నాకు గుర్తుంది.

ఏడో ఫారంలో ఒక పేజీ మీద సిరా ముద్ద పడింది. బాగున్నది దొరికితే పంపుతాను.

నేను ఎవరికీ చాటుగా రాయను. నాకు ఉన్న ఒకే ఒక్క చదువరి మీరు, ఆ చదువరి కూడా చదవలేదనే చెబుతున్నారు. రచయిత సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, ఆమె ఆడమనిషి. పేరు పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. మీ సంఘం అంతదూరం కూడా వెళ్లలేదన్నమాట.

బావమరిది

జూలై 3

బావమరిదికి,

సిరా ముద్ద పడిందట. సరిగ్గా ఆ పేజీ మీదే పడిందట. ఆ కూతురు వంటింట్లోకి వెళ్లడం వరకూ ఉంది. తర్వాత పేజీ తిప్పితే మొత్తం మసి. నేను చదవకూడదని నువ్వే పూశావు. నేను తట్టుకోలేననుకున్నావా? అంత ఘోరంగా ఏం రాసింది అక్కడ?

సంఘంలో నోరు జారాను. అచ్చులో ఒక పేజీ పూర్తిగా నల్లగా ఉందని విన్నానన్నాను. ఎక్కడ విన్నానో చెప్పలేదు. గోడాయన వెంటనే అందుకుని, "చూశారా, అచ్చు వేసినవాళ్లే సిగ్గుపడి మసి పూసుకున్నారు" అన్నాడు. దాన్ని సాక్ష్యంగా తీర్మానంలో రాయించాడు. మందుల షాపాయనైతే, ఆ మసి కింద ఏముంటుందో తలచుకుంటేనే తనకు ఒళ్లు జలదరిస్తోందన్నాడు. చాలాసేపు తలచుకున్నాడు కూడా.

అప్పుడు సంగీతం టీచరు చేతి సంచీ సర్దుకుంటూ, "నేను చదివాను. ఆ పేజీలో ఆవిడ తింటుంది. అంతే" అంది. గోడాయన తేరుకుని, చదివినవాళ్ల మీద పుస్తకం ప్రభావం పడి ఉంటుంది గనక వాళ్లు నిష్పక్షపాతంగా ఉండలేరని చెప్పి, చదివిన సభ్యులు సంఘంలో ఉండరాదని అప్పటికప్పుడు నియమం పెట్టాడు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఆలోచిస్తే అందులో న్యాయం లేకపోలేదు. డిపోలో కూడా బస్సు నడిపినవాణ్ణి తన టైము తనే రాసుకోనిచ్చేవాళ్లం కాదు.

తర్వాత నన్ను అడిగాడు. పుస్తకం చదవలేదన్నాను. అది అబద్ధం కాదు. పుస్తకం చదవలేదు, ఏవో కొన్ని కాగితాలు చూశాను.

ఇరవయ్యో తారీకున చేతులెత్తాలి. తీసేయాలని గోడాయన, మందుల షాపాయన. ఉండనివ్వమని పళ్ల డాక్టరు. ఆయన ఎవరినీ నొప్పించే మనిషి కాదు, వృత్తిలో తప్ప. రెండు వైపులా సమానమైతే పుస్తకం ఉంటుంది. అంటే నేను ఎటు ఎత్తితే అటు. తీసేయమని తేలితే మాత్రం లైబ్రేరియనే తన చేత్తో అలమరలోంచి తీయాలి, తీయకపోతే ఉద్యోగం పోతుంది. అది తీయనంటోంది. ఇంట్లో నాతో మాట్లాడటం మానేసింది. మంచినీళ్లు పెడుతోంది గానీ గ్లాసు టక్కుమంటోంది.

ఆ పేజీ పంపు. మిగిలినవన్నీ పంపు. మీ అక్క ఒకటే పోరు.

బావ

జూలై 8

బావగారికి,

సిరా రోలరు తుడవకపోవడం వల్ల ఆ మసి పడింది. మీ తీర్మానంలోకి ఎక్కిందని మా మెషిన్‌మన్‌తో చెబితే, ఇకమీదట దాన్ని తుడవడం తగ్గిస్తానన్నాడు. మసికి పలుకుబడి వచ్చిందన్నాడు.

చదవనివాళ్లే తీర్పు చెప్పాలన్న నియమం గొప్పగా ఉంది. పళ్ల డాక్టరును కూడా నోరు తెరిపించకుండానే పన్ను పీకమనండి. మందుల షాపాయన్ని చీటీ చూడకుండా మందివ్వమనండి. గోడాయన సంగతి వేరు. ఆయన పునాది తవ్వకుండా గోడ కట్టారని అప్పట్లో మీరే రాశారు.

మీ సంఘంలో తెలివిగలది ఆ సంగీతం టీచరు ఒక్కతే. అందుకే పంపేశారు.

శుభ్రంగా ఉన్న ఏడో ఫారం, తర్వాత ఎనిమిది నుంచి పదకొండు దాకా పెడుతున్నాను. చివరి ఫారం పంపను. దానికి కారణం ఉంది.

బావమరిది

జూలై 14

ఆ పేజీ చదివాను. ఆవిడ చేతులు కడుక్కుంటుంది. పొయ్యి వెలిగిస్తుంది. అన్నీ వేడి చేసుకుంటుంది. పీట వాల్చుకుని కూర్చుని తింటుంది. మూడేళ్లుగా ఆవిడ నిలబడే తింది, చల్లారిపోయినదే తింది, మధ్యలో లేచి ఆయన దగ్గరికి పరిగెత్తింది. అది నాలుగో ఫారంలోనూ ఉంది, అయిదులోనూ ఉంది. ఇక పిలిచేవాళ్లు లేరు గనక కూర్చుని తింది. చదువుతున్నంతసేపూ నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. అందుకే కోపం వచ్చింది.

మీ అక్క అడుగుతోందని ఇన్నాళ్లూ రాశాను. రాశాను, అయితే ఏమిటి? అసలు సంగతి మొన్న బయటపడింది. మీ అక్క ఈ పుస్తకాన్ని రెండేళ్ల కిందటే చదివేసింది. గ్రంథాలయంలో కార్డు మీద తెచ్చుకుని వంటింట్లో డబ్బాల వెనక పెట్టుకుని చదివిందట. నాతో ఎందుకు చెప్పలేదన్నాను. "మీరెప్పుడు అడిగారు?" అంది. పోనీ చివర ఏమవుతుందో చెప్పమన్నాను. చెప్పనంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.

పదకొండో ఫారం ఎక్కడ ఆగిందో నీకు తెలుసు. అల్లుడు తాళం చెవులు ఇమ్మంటాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది. చెవులు ఆవిడ గుప్పిట్లో ఉంటాయి. పేజీ అయిపోయింది. ఆవిడ ఆ ఇంట్లో ఉంటుందా, ఇచ్చేసి వెళ్లిపోతుందా? ఒక మనిషిని అక్కడిదాకా తీసుకొచ్చి వదిలేయడానికి నీకు మనసెలా వచ్చింది?

కారణం ఉందట. నాకు తెలుసు ఆ కారణం. గంగిరెద్దులా నన్ను ఆడించి, తల ఊపించి, అందరికీ చెప్పుకుని నవ్వుకోవాలని. మా గోడాయన నయం. ఆయన పుస్తకం మొత్తం తీసేయమంటాడు. నువ్వు చివరి పదహారు పేజీలూ దాచుకుని, మిగతాది చదువుకోమంటావు. పుస్తకాన్ని పూర్తి కానివ్వనివాడికి నన్ను వెటకారం చేసే హక్కు లేదు.

ఇరవయ్యో తారీకున తీసేయమనే చెయ్యెత్తుతాను. నాకు ఉత్తరాలు రాయకు.

జూలై 17

బావగారికి,

రాయవద్దన్నారు. ఈ ఒక్కటీ రాస్తాను.

ఇరవయ్యో తారీకున చేతులెత్తే ముందు గోడాయన మళ్లీ అడుగుతారు, పుస్తకం చదివారా అని. మీరు అబద్ధం ఆడరు. అక్క ఎదుట తప్ప, అది కూడా ఆవిడకి తెలిసిపోయేలా ఆడతారు. పన్నెండు ఫారాలూ చదివి ఉంటే చదివానని చెప్పి బయటికి వచ్చేస్తారు. మీరు బయటికొస్తే ఇటు ఇద్దరు, అటు ఒక్కడు. పుస్తకం పోతుంది, దాంతో పిల్ల ఉద్యోగం పోతుంది. పదకొండే చదివి ఉంటే, పుస్తకం చదవలేదని మీరు తల ఎత్తుకుని చెప్పగలరు. అందుకని చివరిది ఆపాను. అంతవరకు చదివినవారు తీసేయమని చెయ్యెత్తరని నా నమ్మకం. మీ మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకున్నానేమో.

కారణం అప్పుడే రాసి ఉండాల్సింది. రాయడం నాకు చేతకాదు.

అయినా మీరన్నది నిజం. మీరు ఏ పేజీ దాకా చదవాలో నేను నిర్ణయించాను. గోడాయన ఇంతకన్నా చేసిందేమీ లేదు. ఆయన్ని వెక్కిరిస్తూ నేనూ అదే పని చేశాను, ఆయన కన్నా తెలివిగా చేశాననుకుంటూ.

చివరి ఫారం దీంతో పెడుతున్నాను. వానలకి బళ్లు సరిగా నడవడం లేదు, ఎప్పటికి అందుతుందో తెలియదు. చదువుతారో, దాచుకుంటారో, చెయ్యి ఎటు ఎత్తుతారో మీ ఇష్టం.

మీ
బావమరిది

జూలై 23

బావమరిదికి,

నీ ఉత్తరం ఇరవై ఒకటిన వచ్చింది. అంతా అయ్యాక వచ్చింది. ఇలాంటి బస్సు మా డిపోలో ఉండి ఉంటే డ్రైవరు పని పట్టేవాణ్ణి. నీ మీద కోపం కొంచెం మిగిలే ఉంది, అయినా మొత్తం రాస్తాను.

ఇరవయ్యో తారీకు పొద్దున గ్రంథాలయానికి వెళ్లాను. సమావేశం మధ్యాహ్నం. అమ్మాయి కౌంటరు వెనక కూర్చుని ఉంది. పుస్తకం పేరు చెప్పి కావాలన్నాను. నన్ను ఒకసారి చూసి, ఎదుట నిలబడ్డ ఎవరితోనైనా మాట్లాడినట్టే, "కార్డు ఉందా?" అంది. లేదన్నాను. ఎనిమిదేళ్లుగా కూతురు పనిచేస్తున్న చోట నాకు కార్డు లేదు. కాగితం తీసి నా పేరు, చిరునామా అడిగి రాసుకుంది. మా ఇంటి చిరునామా, తన ఇంటి చిరునామా, నన్ను అడిగే రాసుకుంది. తర్వాత పుస్తకం మీద ముద్ర వేసి ఇచ్చింది.

ఇంటికి తెచ్చుకుని చదవొచ్చు. కానీ అంతదాకా ఆగలేకపోయాను. తలుపుకు ఎదురుగా ఉన్న పెద్ద బల్ల దగ్గరే కూర్చుని చివరి పదహారు పేజీలు తీశాను. కొన్ని పేజీలు మిగిలి ఉండగా గోడాయన వచ్చాడు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఏమిటండీ చదువుతున్నారు?"

"మీరు తీసేయాలంటున్నది."

"సభ్యులు చదవకూడదని నియమం ఉంది కదా."

"అయితే నేను సభ్యుణ్ణి కాదు. కాస్త పక్కకి జరగండి, వెలుతురు పడటం లేదు" అన్నాను.

నన్ను తీసేసి మిగిలిన ముగ్గురూ లోపల కూర్చున్నారు. తీసేయాలని ఇద్దరు, వద్దని ఒక్కరు. పళ్ల డాక్టరు ఇటు చెయ్యెత్తినందుకు అందరికీ క్షమాపణ చెప్పాడట. సాయంత్రంలోగా ఆ పుస్తకం అలమరలో ఉండరాదని ఉత్తరువు రాసి గోడాయన స్వయంగా కౌంటరు దగ్గరికి తెచ్చాడు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. ఉండనివ్వమని నేను చెయ్యెత్తి ఉంటే ఆ కాగితం వచ్చేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. పుస్తకం చివర తెలుసుకోవాలన్న యావలో పిల్ల కొంప ముంచానే అనుకున్నాను.

అమ్మాయి ఉత్తరువు మొత్తం చదివింది. చదివి, "అలమరలో లేదండీ. ఒక గ్రంథాలయ సభ్యుడు తీసుకెళ్లారు" అంది.

"అది నాకూ కనిపిస్తోంది. తిరిగి తీసుకో."

"గడువు పదిహేను రోజులు. ఈలోగా తీసుకోవడానికి వీల్లేదు."

"గడువు అయ్యాక?"

"ఇంకెవరైనా కావాలంటే వాళ్లకి ఇస్తాం. లేకపోతే ఆయనే ఉంచుకోవచ్చు."

"అయితే నాకు కావాలి" అన్నాడు గోడాయన.

అమ్మాయి ఒక చీటీ, పెన్ను ఆయన ముందుకు జరిపింది. ఈ పుస్తకం చదువుటకు నాకు కావలెను అని చీటీ మీద అచ్చువేసి ఉంటుంది, కింద సంతకం చేయాలి. గోడాయన పెన్ను తీసుకున్నాడు. చీటీ చదివాడు. పెన్ను మందుల షాపాయనకి ఇచ్చాడు. ఆయన దాన్ని వేడి గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని పళ్ల డాక్టరుకి ఇచ్చాడు. పళ్ల డాక్టరు దాన్ని జాగ్రత్తగా మూత పెట్టి కౌంటరు మీద పెట్టాడు. చదవాలని ఉందని రాసి సంతకం పెట్టే ధైర్యం ముగ్గురిలో ఒక్కడికీ లేకపోయింది. అమ్మాయి ఉత్తరువు కింద "ఆ పుస్తకం అలమరలో లేదు" అని రాసి, తారీకు వేసి, గోడాయన చేతికి తిరిగి ఇచ్చింది. తను ధిక్కరించిందేమీ లేదు. ఉద్యోగం ఉంది.

అరువు నియమం మార్చేస్తానని గోడాయన అన్నాడు. మార్చాలంటే ముందు నియమాల పుస్తకం చదవాలి. ఆ పని చేస్తాడని నేననుకోను.

మర్నాటికి చీటీలు వచ్చాయి. మొదటిది సంగీతం టీచరుది. ఆవిడకి మళ్లీ చదవాలని ఉందట. రెండోది మీ అక్కది. తర్వాత దర్జీ, పాలాయన భార్య, నా పాత డిపో మేనేజరు, ఇంకా ఎవరెవరో. ఈ పుస్తకం ఇక అలమర మొహం చూడదు. చేతుల మీద తిరుగుతూనే ఉంటుంది. గడువు అయ్యేదాకా నా దగ్గర ఉంటుంది. రెండోసారి మొదలుపెట్టాను. అమ్మాయి నాతో మాట్లాడుతోంది, పుస్తకం మీద కాఫీ ఒలకబోస్తే జరిమానా అని.

నిన్న సాయంత్రం వీధి మలుపులో గోడాయన ఎదురయ్యాడు. ఎలాగూ చదివేశారు కదా, ఇచ్చేయొచ్చుగా అన్నాడు. నేను నిదానంగా చదివే మనిషినన్నాను. కొంచెం దూరం పక్కనే నడిచాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఇంతకీ ఆవిడ తాళం చెవులు ఇచ్చేస్తుందా, ఇవ్వదా?" అని అడిగాడు. ఫిర్యాదులో తాళం చెవుల ఊసే లేదు.

కార్డు ఉందా అని అడిగాను.

బావ